తిత్తిలో మిగిలిన గాలి

పైడయ్య మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. హార్మోనీ మూత తీస్తారు. పద్యనాటకాలకి వాయించీ వాయించీ తల నెరిసిన మనిషి. గౌటు జబ్బు ఆయన కాలి బొటనవేళ్ళని అల్లంకొమ్ముల్లా చేసి వదిలింది. మాది కాళ్ళతో తొక్కే హార్మోనీ కనుక, ఆయన పక్కనే బల్ల మీద కూర్చుని ఓరగా కాళ్ళు చాపి నేను తొక్కుతాను. వేళ్ళు ఆయనవి, కాళ్ళు నావి. సంగీతం నేర్చుకుందామని చేరినవాణ్ణే; నాలో పనికొచ్చేవి కాళ్ళేనని మొదటి వారమే తేలిపోయింది.

ఆ కాళ్ళలో ఒకదానికి పోయిన నెల గౌటు వచ్చింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడేది. కాలి నొప్పికి కాలే మందని మా అత్తగారు మేక కాళ్ళ సూపు పెట్టారు. అల్లుణ్ణి గనక రెండు గిన్నెలు తాగాను. తెల్లారేసరికి వేలు వంకాయంత అయింది. సూపు సంగతి విన్న డాక్టరు కాసేపు నన్నూ, కాసేపు గోడనీ చూశాడు. వాపు తగ్గడానికి మందిచ్చాడు. తగ్గాక, ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకోకుండా రోజూ ఒక మాత్ర వేసుకోమన్నాడు, మానకుండా. నొప్పి పోయింది. దాంతోపాటే మాత్ర మీద గౌరవమూ పోయింది.

రేపు నాటకమనగా రిహార్సల్లో అడిగాను. "మాస్టారూ, నొప్పే లేనప్పుడు ఆ మాత్ర ఎందుకండీ? మానేద్దామనుకుంటున్నాను."

రాజు వేషం కట్టే గంగునాయుడు అందుకున్నాడు. "మానేయవయ్యా. ఆ కాళ్ళు కూడా పడిపోతే నా పద్యానికి నేనే గిన్నె వాయించుకుంటాను."

మాస్టారు మూత తీశారు. "నాయుడూ, ఆ ఏడుపు పద్యం ఎత్తుకో."

నేను తొక్కుతున్నాను, ఆయన శ్రుతి పట్టారు. నాయుడు రాగం పైకి తీశాక నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"ఆపు."

"పద్యం మధ్యలో ఉందండీ."

"పలుకుతోందిగా. ఇంకా తొక్కడమెందుకు?"

ఆపాను. నిజంగానే పలికింది. తిత్తిలో మిగిలిన గాలితో, ఏ లోటూ తెలియకుండా పలికింది. నాయుడు కళ్ళు మూసుకుని, దాన్ని నమ్ముకుని ఇంకా పైకి వెళ్ళాడు. అప్పుడు స్వరం సన్నబడింది, కిందికి జారింది, కుక్కపిల్ల మూలుగులా ఆగిపోయింది. నాయుడి గొంతు ఒక్కటే కాసేపు గాలిలో వేలాడి విరిగిపోయింది.

"ఏమైంది మాస్టారూ?" అన్నాడు కళ్ళు తెరిచి.

నేను గబగబా తొక్కబోయాను. మాస్టారు వద్దన్నారు. తువ్వాలు చుట్టుకున్న తన పాదాన్ని మెల్లగా పెడలు మీద పెట్టి, ఆనించలేక తీసేశారు. చెయ్యి మాత్రం ఇంకా హార్మోనీ మెట్ల మీదే ఉంది.

"నేను మాత్ర మానేసినప్పుడు కూడా," అన్నారు, "చాన్నాళ్ళు బాగానే పలికిందిరా."