నెమరు వేసిన నక్క

కొండవాగు పక్కన ఒక బీడు ఉంది. నాలుగు వానలు పడితే చాలు, కాలు పెట్టడానికి సందు లేకుండా పూస్తుంది. పసుపువి, తెల్లవి, ఊదావి. మనుషులు ఆ దారిన పోతూ ఒకసారి చూసి, బాగుందనుకుని వెళ్ళిపోతారు. గొడ్లకు ఆ సుఖం లేదు. వాటికి పువ్వంటే మధ్యాహ్నం భోజనం. ఏది తింటే ఒంటికి పడుతుందో, ఏది తింటే పాలు పాడవుతాయో తెలియకపోతే బతుకు కష్టం.

ఆ బీడులో మేసే మందలో ఆ సంగతి తెలిసింది ఒక్కరికే. ఆమె బొల్లి అనే ముసలి మేక. బొల్లి ఏ పువ్వునూ ముఖం చూసి నమ్మేది కాదు. ముందు ఆకు చూసేది. తర్వాత మూతితో పువ్వును తలకిందులు చేసి, అడుగున దాన్ని పట్టుకుని ఉండే పచ్చని గిన్నెను చూసేది. ఆ గిన్నె రేకులు మొనదేలాయా, గుండ్రంగా ఉన్నాయా, నూగు ఉందా, నున్నగా ఉన్నాయా అని తిప్పి తిప్పి చూశాకే నోరు పెట్టేది. చూడటం నిదానమే కానీ నమలడం మాత్రం చకచకా. ఆమె బతుకులో ఉన్న కష్టమంతా ఆ చకచక వల్లే వచ్చింది.

ఎందుకంటే ఆ మందకో ఆచారం ఉంది. ఎండ నడినెత్తికి వచ్చాక అందరూ తుమ్మచెట్ల నీడన పడుకుని నెమరు వేస్తారు. తగవులు, సలహాలు, తీర్పులు అన్నీ అప్పుడే. నోట్లో నెమరు ఆడకుండా ఎవరూ మాట్లాడకూడదు. ఎంత నిదానంగా నమిలితే అంత బరువైన మాట అని లెక్క. పెద్దెద్దు మైలయ్య ఒక్క ముద్ద నమిలేలోపు నీడ జానెడు జరిగేది. అందుకని ఆయన చెప్పిందే తీర్పు. చాలాసార్లు ఆయన ఏమీ చెప్పకుండానే నిద్రపోయేవాడు, దాన్ని ఇంకా గొప్ప తీర్పుగా తీసుకునేవాళ్ళు. బొల్లి మాత్రం నోరు తెరిస్తే చాలు, "ముందు సరిగ్గా నమలడం నేర్చుకోవే" అని పక్కకు నెట్టేవాళ్ళు.

సరిగ్గా ఇలాంటి మంద కోసమే పుట్టినట్టు చలమయ్య అనే నక్క ఒకరోజు అక్కడికి వచ్చాడు. వచ్చి, ఎవరినీ పలకరించకుండా, నీడన ముందుకాళ్ళు ముడుచుకుని కూర్చుని, వేపాకు ముద్ద ఒకటి బుగ్గన పెట్టుకుని దవడలు ఆడించడం మొదలుపెట్టాడు. ఎంత నిదానంగా అంటే, మైలయ్యే కళ్ళు తెరిచి చూశాడు.

"ఎవరయ్యా నువ్వు, నెమరు ఇంత పద్ధతిగా వేస్తుండావు?" అన్నాడు.

చలమయ్య వెంటనే జవాబు చెప్పలేదు. ఇటు నమిలాడు, అటు నమిలాడు. చివరికి, "పువ్వుల శాస్త్రం చదువుకున్నవాణ్ణి" అన్నాడు.

నక్కకు నెమరేంటని ఒక్కరూ అడగలేదు. బొల్లి అడిగింది కానీ, ఆమె చకచకా అడిగింది కాబట్టి అది లెక్కలోకి రాలేదు. ఆ సాయంత్రానికి చలమయ్య పువ్వుల పంతులైపోయాడు.

మర్నాడు పాఠం పెట్టాడు. "పువ్వును పోల్చుకోవడానికి ఆకులు, అడుగున గిన్నెలు చూడటం మోటు పద్ధతి. మనిషిని ముఖం చూసి పోల్చుకుంటామా, కాళ్ళు ఎత్తి అరికాళ్ళు చూసి పోల్చుకుంటామా?"

మంద నవ్వింది. బొల్లి వైపు చూసి మరీ నవ్వింది.

"మనిషిని మనం తినబోవడం లేదు పంతులూ" అంది బొల్లి. ఎవరూ వినలేదు.

"ఈ బీడులో తెల్లపూల మొక్కలు రెండు రకాలు" అన్నాడు చలమయ్య. "ఒకటి గుంటగలగర, కడుపుకు చల్లన. రెండోది వయ్యారిభామ, పచ్చి విషం. వాగు ఒడ్డున తేమలో ఉన్నది వయ్యారిభామ. అటు ఎవరూ పోవద్దు. రోడ్డు పక్కన నడుం ఎత్తు పెరిగింది చూశారూ, అది గుంటగలగర. కడుపునిండా తినండి."

నిజానికి సంగతి పూర్తిగా తిరగేసి ఉంది. మంద మాత్రం పంతులు దవడ చూసి, తల ఊపి, రోడ్డు దారి పట్టింది.

ముందు నడిచింది కర్రెమ్మ అనే గేదె. ఆమె ఈని పన్నెండు రోజులైంది. తొలి ఈతలో దూడ దక్కలేదు, ఇది రెండోది, ఆడదూడ. పాలు బాగా పడాలని కర్రెమ్మ అందరికంటే ఎక్కువ తినింది. పైగా నోటికి చేదు తగిలినా, మంచిదంతా చేదుగానే ఉంటుందని సర్దుకుని తినింది.

మూడో రోజు పొద్దున దూడ పొదుగు దగ్గరికి వచ్చి, ఒక్క గుక్క తాగి, మూతి తిప్పుకుంది. కర్రెమ్మ మళ్ళీ దగ్గరికి తోసింది. దూడ మళ్ళీ తిప్పుకుంది. ఎండ ఎక్కేసరికి దాని డొక్కలు లోపలికి పోయాయి. కర్రెమ్మ బొల్లి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, నా పాలు నా బిడ్డకే వద్దంట. నేనేం పాపం చేశాను?"

బొల్లి ఆమె మూతి దగ్గర వాసన చూసింది. "పాపం కాదే పిచ్చిదానా, వయ్యారిభామ. నువ్వు తిన్న చేదే పాలలోకి దిగింది. రేపటికి కూడా తాగకపోతే ఆ పసిది లేవలేదు."

ఆ మధ్యాహ్నమే బొల్లి నెమరు పంచాయతీలో మొరపెట్టుకుంది. "రోడ్డు పక్కది గుంటగలగర కాదు. ఆకు చూడండి, కొత్తిమీర మాదిరిగా చీలికలు చీలికలుగా ఉండాది. గుంటగలగర ఆకు కోలగా ఉంటది, గరుగ్గా ఉంటది, కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి పుడతది. గిన్నెలు చూడండి, దీనిది చిన్నది, గుండ్రటి రేకులు బిగించుకుని ఉంటయ్యి. దానిదేమో మొనదేలిన వెడల్పు రేకులతో విచ్చుకుని..."

"ఎంత వేగం, ఎంత వేగం" అన్నాడు చలమయ్య బుగ్గన వేపాకు సర్దుకుంటూ. "నమలడమే నిలకడ లేనివాళ్ళకు శాస్త్రం ఎలా నిలుస్తుంది?"

మైలయ్య కళ్ళు మూసుకున్నాడు. తీర్పు అయిపోయింది. బొల్లికి అక్కడికక్కడే ఆ ఎద్దును కొమ్ములతో పొడవాలనిపించింది. కానీ ఆయన అంత పెద్దవాడు, ఆమె కొమ్ములు అంత చిన్నవి.

తల దించుకుని పోతుంటే చలమయ్య వెల్లకిలా పడుకుని కనిపించాడు. పొట్ట మీది తెల్లబొచ్చు నల్లగా మరకలు పట్టి ఉంది. బొల్లి ఆగిపోయింది. ఈ బీడులో నలిగితే నల్లబడే రసం గుంటగలగర ఆకుది ఒక్కటే. ఆ మొక్క ఉన్నది వాగు ఒడ్డున. అటు ఎవరూ పోవద్దన్నది ఈ పంతులే.

బొల్లి వాగుకు పరుగెత్తింది. అక్కడ గుంటగలగర గుబుర్ల మధ్య నక్క పొర్లిన చోటు చాప పరిచినట్టు అణిగి ఉంది. దాని చుట్టూ పూరేడు పిట్టల ఈకలు, పగిలిన గుడ్ల పెంకులు. మంద అటు మేతకు వస్తే పిట్టలు లేచిపోతాయి, పంతులుగారి వంటిల్లు ఖాళీ అవుతుంది. అందుకే వచ్చింది ఈ శాస్త్రమంతా.

"నీ పిట్టల కూటి కోసం పసిదాని నోరు కట్టేశావురా" అనుకుంది బొల్లి. ఆమెకు కోపం వస్తే ఏడుపు కూడా వస్తుంది. కాసేపు ఏడ్చి, పని మొదలుపెట్టింది.

రోడ్డు పక్కన ఒకే ఒక వయ్యారిభామ మొక్క దగ్గర నిలబడి, పూలన్నీ పెదాలతో తుంచి, ఆకులు, అడుగున గిన్నెలు వలిచి పారేసింది. గిన్నె పోతే పువ్వు నిలవదు. అది ఒక పువ్వు కాదు గదా, గిన్నెలో ఒదిగి కూర్చున్న చిట్టి చిట్టి పూల గుంపు. గిన్నె తీయగానే తెల్లటి పొడిలా రాలిపోయింది. ఆ పొడిని రెండు మోదుగాకుల్లో రెండు కుప్పలు పోసింది. నోరంతా చేదెక్కి నాలుగుసార్లు ఉమ్మింది. ఆ మొక్కను వేరుతో పీకి తుమ్మచెట్టు చాటున పెట్టింది. తర్వాత తాటిమట్ట పీచు గట్టిది ఒకటి చూసి బుగ్గన దోపుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బొల్లి పంచాయతీ నడుమకు వచ్చింది. పీచు తెగదు, నలగదు. దవడ ఇటు ఒకసారి, అటు ఒకసారి, మెల్లగా జరిగింది. మంద లేచి కూర్చుంది.

"బొల్లిలో మార్పు వచ్చింది" అన్నాడు మైలయ్య. నాలుగు రోజుల్లో ఆయన అన్న మొదటి మాట అది.

"పంతులుగారి చలవ పెద్దయ్యా" అంది బొల్లి, ఒక్కో మాటకు ఒక్కో నములుడు చొప్పున. "ముఖం చూస్తే చాలన్నారు. అందుకే ఆకులు, గిన్నెలు తీసేసి ముఖాలే తెచ్చాను. ఏది గుంటగలగరో, ఏది వయ్యారిభామో ఆయన చెప్పాలి. మంచిదని చెప్పిన కుప్పను ఆయనే మొదట తిని, నెమరుకు తెచ్చి చూపిస్తే, మిగతాది మేమంతా కళ్ళకద్దుకుని తింటాం."

"న్యాయంగానే ఉంది" అన్నాడు మైలయ్య.

చలమయ్య కుప్పల వైపు చూశాడు. రెండూ తెల్లగానే ఉన్నాయి. వాసన చూద్దామంటే నాలుగు రోజుల వేపాకు ముద్దతో ముక్కుకు మరే వాసనా తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఆ రెండు మొక్కలూ ఆయనకు చోటును బట్టే తెలుసు. వాగు దగ్గరిది మెత్తగా పొర్లడానికి బాగుంటుంది, రోడ్డు దగ్గరిది దురద పెడుతుంది, అంతే. మంద చుట్టూ మూగింది. కర్రెమ్మ దూడను కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తప్పుకోవడానికి సందు లేకుండా ఎదురుగా నిలబడింది.

"కుడివైపుది గుంటగలగర" అన్నాడు గంభీరంగా. "ఎడమవైపుది వయ్యారిభామ. దాన్ని దూరంగా పారేయండి, ఆ గాలి కూడా మంచిది కాదు."

"అయితే కుడివైపుది కానివ్వండి పంతులూ."

వేపాకు ఉమ్మేసి కుప్ప నోట్లో వేసుకున్నాడు. ఒక్క నములుడుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ పేరంతా నిదానంలోనే ఉందాయె. ఉమ్మలేడు, వేగంగా మింగలేడు. నాలుక మండుతుంటే, పెదాలు దురదపెడుతుంటే, చూసేవాళ్ళకు మాత్రం పద్ధతి తప్పకుండా నమిలాడు. మంద మురిసిపోయింది.

"మింగు" అన్నాడు మైలయ్య. చలమయ్య మింగాడు.

"ఇప్పుడు నెమరుకు తేవయ్యా."

నెమరుకు తేవడం అనేది నక్కల వంశంలో ఎవరికీ లేని విద్య. చలమయ్య మెడ చాచాడు, గుటక వేశాడు, పొట్ట బిగించాడు. ఆ మాత్రానికి చేదు తనంతట తానే తిరగబడింది. నిజంగానే పైకి వచ్చింది. తెల్లపూల పొడి వచ్చింది. దాని వెంట పొద్దున తిన్న పూరేడు పిట్ట ఈకలు, రెండు చిన్న కాళ్ళు, గుడ్డు పెంకు ముక్క కూడా వచ్చి మైలయ్య డెక్కల ముందు పడ్డాయి.

మైలయ్య చాలాసేపు వాటిని చూశాడు. "ఇది యాడ మేత?" అన్నాడు.

బొల్లి పీచు ఉమ్మేసింది. మళ్ళీ తన చకచక నోటితోనే చెప్పింది. "వాగు ఒడ్డుది పెద్దయ్యా. అసలైన గుంటగలగర ఉండేది ఆడే. నమ్మకపోతే ఆయన పొట్ట కింద నల్ల మరకలు చూడు. ఇంకోటి, ఈ రెండు కుప్పలూ ఒకే మొక్కవి. ఇదిగో ఆ మొక్క. ఒకే కొమ్మ పూలలో సగం మంచివన్నాడు, సగం విషమన్నాడు మీ పంతులు."

చలమయ్య అప్పటికే పరుగు లంకించుకున్నాడు. కర్రెమ్మ కొమ్ము వెనకాల ఒకటి తగిలించింది. అది పంచాయతీ తీర్పు కాదు, తల్లి తీర్పు.

మంద వాగు ఒడ్డుకు దిగింది. ఆకు చూసి, పువ్వు తిప్పి గిన్నె చూసి, అప్పుడే నోరు పెట్టింది. చేదు ఒంట్లోంచి పోయేదాకా దూడకు పాలిచ్చింది ఎవరనుకున్నారు, రోడ్డు మేత ముట్టని, ఇంకా పాలు ఎండని బొల్లే. మేక పొదుగు కింద దూడ పట్టాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. అలాగే కూర్చుని తాగింది. మూడో రోజు తల్లి దగ్గరికి పోయి ఒక గుక్క తాగి, ఆగి, మళ్ళీ మూతి పెట్టింది. ఈసారి తోకాడించింది. కర్రెమ్మ అప్పుడు ఏడ్చింది. బొల్లి అటు తిరిగి గడ్డి చామంతి గిన్నెకు నూగు ఉందో లేదో చూస్తున్నట్టు నటించింది.

మందకు బుద్ధి వచ్చిందా అంటే, కొంచెం వచ్చింది. బొల్లి మాట ఇప్పుడు వింటారు. కానీ మైలయ్య ఆమెను పక్కకు పిలిచి, "ఆ పీచు మళ్ళీ పెట్టుకోరాదా, నీకు బాగా నప్పింది" అన్నాడు.

ఇక చలమయ్యకు నాలుక వాచి, పిట్ట కాదు గదా, నీళ్ళు కూడా దిగడం లేదు. కొండ అవతల రాయి మీద కూర్చుని, దురద తట్టుకోలేక పగలంతా దవడలు ఆడిస్తున్నాడు. నిన్న ఆ దారిన పోయిన కొత్త గొర్రెల మంద ఆగి, కాసేపు చూసి, గౌరవంగా తల వంచి, "అయ్యా, తమరు ఏ శాస్త్రం?" అని అడిగిందట.

దవడ ఎంత నిదానంగా ఆడినా, ఆకు చూసి, గిన్నె తిప్పి చూశాకే ఎదుటివాడి మాట నమ్మాలి.