సద్దీ అని పిలిచినవాడు

అనగనగా ఒక ఊళ్ళో కాదు బంగారూ, రెండు ఊళ్ళల్లో జరిగింది ఈ ముచ్చట. కాళ్ళు ముడుచుకుని ఇటు జరుగు, చెబుతా. రెండు ఊళ్ళ మధ్య ఒక వాగు. వాగుకి ఇవతల జొన్నచేను, అవతల జొన్నచేను.

ఇవతలి చేలో సుంకమ్మ కావలి కాసేది. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి కట్టిన మంచె మీద నిలబడి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి "హోయ్" అని అరిచిందంటే చిలకలన్నీ ఎగిరిపోవాల్సిందే. అవెక్కడికి పోతాయి? అవతలి చేలోకి.

అప్పుడు అవతలి మంచె మీద నుంచి ఒక మగగొంతు లేచింది.

"ఓ పిల్లా! నీ చుట్టాలందరినీ నా మీదికి తోలావేం?"

"నీ జొన్నలు తియ్యగా ఉన్నాయేమో, వాటినే అడుగు!"

అది మొదటి రోజు. రెండో రోజు అతను చిలకల్ని ఇటు తోలాడు, ఈమె అటు తోలింది. మూడో రోజు ఇద్దరూ మాటల్లో పడిపోయారు. చిలకలు రెండు చేలల్లోనూ కడుపునిండా తిని పోయాయి. తోలినవాళ్ళు లేరు మరి!

అతని పేరు మద్దిలేటి. అడిగి తెలుసుకుంది. కానీ మనిషెలా ఉంటాడో? వాగు పొంగి పారుతోంది, అంత దూరం నుంచి తలకు చుట్టిన రుమాలు తప్ప ఏమీ కనపడదు. పొట్టో పొడుగో కూడా తెలీదు. మంచె ఎక్కితే అందరూ పొడుగే కదా!

మధ్యాహ్నం కాగానే సుంకమ్మ వాళ్ళ అవ్వ గట్టు మీద నిలబడి "సద్దీ... ఓ సద్దీ..." అని కేకేసేది. సద్దంటే మూట కట్టి తెచ్చిన అన్నం. ఆ తర్వాత కాసేపటికి అవతల నుంచి మద్దిలేటి కూడా "సద్దీ" అని పిలిచేవాడు, ఎంతో ముద్దుగా. పాపం, ఈయనకెప్పుడూ ఆకలే అనుకునేది సుంకమ్మ.

"నేను తిన్నా! నువ్వు తిను!" అని అరిచేది.

ఆ తర్వాత కోతలొచ్చాయి. మంచెలు విప్పేశారు. "వాగు తగ్గగానే మీ ఊరొస్తా!" అన్నాడతను చివరి రోజు.

సుంకమ్మ రోజూ వాగు దగ్గరికి పోయి నీళ్ళు ఎంత తగ్గాయో చూసొచ్చేది. ఇంట్లో ఎవరు కేకేసినా ఉలిక్కిపడేది. సంబంధాలు వస్తే మొదటి నెల పన్ను నొప్పంది. రెండో నెల కాలు బెణికిందంది. మూడో నెల నాయన వినలేదు. "సోమవారం చూడ్డానికి వస్తున్నారు, ఈసారి ఏ నొప్పీ లేదు!" అన్నాడు.

అప్పుడు పక్కింటి నారాయణమ్మ వచ్చి కూర్చుంది.

"నిన్న ఎవడో వచ్చాడే, వాగు అవతలోడు. చూస్తే తెల్లపంచె, అడిగేదేమో 'సద్ది ఉందా అమ్మా' అని! వీధి మొదటింట్లో రొట్టె పెట్టారంట. రెండో ఇంట్లో సంగటి. నేను కూడా ఇంత కూడు పెట్టినా. వద్దు వద్దంటూనే తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని పోయినాడు. పప్పులో కారం ఎక్కువైందేమో!"

సుంకమ్మ పెనం మీద రొట్టె మాడిపోయింది. అతను ఇన్నాళ్ళూ పిలిచింది అన్నాన్ని కాదు, తననే!

అవ్వకి చెబితే, అవ్వ నవ్వలేక కూలబడింది. ఆ తర్వాత లేచి "పద" అంది. ఇద్దరూ వాగు దాటారు. నీళ్ళు చీలమండ కూడా తడపలేదు.

ఇల్లు అడుగుతూ పోతే, మద్దిలేటి వాకిట్లో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. పెద్ద చెవులు, గడ్డం మీద చిన్న గాటు. సుంకమ్మ కళ్ళారా చూసుకుంది.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

ఎన్ని మాటలు దాచుకుని వచ్చిందో! వాగు మీదుగా అరవడమే గాని, మెల్లగా మాట్లాడ్డం అలవాటు లేదే! అవ్వ మోచేత్తో పొడిచింది.

"నా పేరు సద్ది కాదు, సుంకమ్మ. సద్దంటే మా అవ్వ తెచ్చే అన్నం" అంది.

ఆ గొంతు వినగానే పగ్గం చేతిలోంచి జారింది.

"మరి పిలిస్తే పలికావు కదా!"

"నీకు ఆకలనుకున్నా."

"మూడిళ్ళల్లో అడిగినా. కడుపు పట్టక, సిగ్గేసి నాలుగో ఇంటికి పోలేదు."

"నాలుగోది మాదే" అంది సుంకమ్మ. "ఆ పూట లోపల పిండి విసురుతున్నా."

మద్దిలేటి జారిన పగ్గం తీసి పక్కన పెట్టాడు. అప్పుడు సుంకమ్మే అంది, "సోమవారం వేరేవాళ్ళు నన్ను చూసుకోడానికి వస్తున్నారు."

"అయితే మేం ఆదివారమే వస్తాం. నీకిష్టమేనా?"

తల ఊపింది.

"రా అబ్బీ, తప్పకుండా రా" అంది అవ్వ. "దారిలో మాత్రం ఎవరింట్లోనూ తినకు!"

ఆదివారం పెద్దవాళ్ళతో నేరుగా నాలుగో ఇంటికే వచ్చాడు. "ఇష్టమేనా తల్లీ?" అని నాయన అడిగితే, గడప లోపల నుంచి సుంకమ్మ "ఇష్టమే!" అని ఎంత గట్టిగా అరిచిందంటే, నారాయణమ్మ తన ఇంట్లోంచి "మాకూ ఇష్టమే!" అంది.

కథ పోయె కంచికి,
కన్ను పోయె కునుక్కి,
మనం పోదాం మంచానికి,
దుప్పటి లాక్కో మెడ మీదికి.