పన్నెండు క్రోసుల దారి

అనగనగా సముద్రం ఒడ్డున మడులపాలెం అని ఒక ఊరు. ఊరి ముందు నీళ్లు, ఊరి వెనక నీళ్లు, తాగడానికి మాత్రం చుక్క లేదు. అక్కడివాళ్లు మడులు కట్టి ఉప్పు పండించేవారు. బావి తవ్వితే ఉప్పే, ఏడిస్తే ఉప్పే.

రాజుగారి కోట పన్నెండు క్రోసుల అవతల ఉంది. మంచినీళ్ల కాలువ అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. కాలువ కావాలన్న ఊరి నుంచి ఏడాదికి ఒక్కరు, మిట్టమధ్యాహ్నం సముద్రంలో కాలు తడుపుకొని బయలుదేరి, పొద్దు గూకి కోట తలుపులు మూసేలోగా చేరాలి. దారిలో అయినవాళ్లు గుక్కెడు నీళ్లు పోయవచ్చు, మాట సాయం చేయవచ్చు. చేయి పట్టి నడిపిస్తే మాత్రం పరుగు చెల్లదు. రాజులకేం, నీడపట్టున కూర్చుని ఎన్ని కట్టుబాట్లైనా పెడతారు!

మడులపాలెం నుంచి అంతవరకు ఎవరూ చేరలేదు. ఆ ఏడు బావి నీళ్లు తాగి ముగ్గురు పసివాళ్లు పోయారు. అందులో ఒకతె అసిరి అనే ఇల్లాలి పెద్దకూతురు. చంటిది ఒళ్లో ఉంది, దానికీ ఒంట్లో బాగులేదు.

"నేను పరుగెత్తుతాను" అంది అసిరి. పుట్టి బుద్ధెరిగి ఆమె ఆ దారిలో రెండు క్రోసులు పోయిన మనిషి కాదు.

అసిరి తల్లి, అన్న అప్పలసూరి, నేస్తం సింహాలు ముందుగా బండి కట్టుకుని వెళ్లి, దారిలో తలా ఒకచోట నిలబడతామన్నారు. అసిరి అత్త పోలమ్మ కూడా లేచింది.

"నువ్వు రావద్దులే వదినా. నీ నోట మంచి మాట రాదు, పిల్ల గుండె జారిపోతుంది" అంది అసిరి తల్లి.

నిజమే మరి, పోలమ్మది వేపకాయ నోరు. కూర బాగుంటే బాగుందని కూడా అనదు. ఆవిడ కర్ర పుచ్చుకుని ఎటో వెళ్లిపోయింది. అలిగింది కాబోలు అనుకున్నారంతా.

మూడోనాడు మధ్యాహ్నం అసిరి కాలు తడుపుకొని బయలుదేరింది. కింద ఇసుక, పైన ఎండ. మూడో క్రోసు దగ్గర తల్లి నీళ్లముంత పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంక ఎంత దూరమే అమ్మా?"

"సగం అయిపోయింది తల్లీ! పరుగెత్తు!"

సగమే మిగిలిందని అసిరి అడుగు జోరు చేసింది. రేపటికి దాచుకున్న గింజలు ఈ పూటే వండేసినట్టు, ముందు దారికి దాచుకోవలసిన బలమంతా అక్కడే ఖర్చు పెట్టేసింది.

ఆరో క్రోసు దగ్గర అన్న.

"ఎంత దూరం అన్నా?"

"అదిగో, ఆ తాటితోపు దాటితే కోటే!"

తాటితోపు దాటింది. కోట లేదు. ఇసుక పోయి చవుడునేల వచ్చిందంతే. కోట తనని చూసి వెనక్కి వెనక్కి జరుగుతోందనిపించింది.

ఎనిమిదో క్రోసు దగ్గర సింహాలు.

"కూతవేటు దూరమేనే! కోట నగారా వినబడటం లేదూ?"

అసిరి చెవి ఒగ్గింది. వినబడినట్టే అనిపించింది. ఉన్న కాస్త ఊపిరీ పెట్టి పరుగెత్తింది. ఆ మోత తన గుండెదే. ఎదురుగా కనుచూపు మేర బీడు, బీడు మీద ఎండమావులు.

తొమ్మిదో క్రోసు దగ్గర కూలబడిపోయింది. ఇంక తన వల్ల కాదు. ఎంత పరుగెత్తినా తరగని దారిని ఎవరు మాత్రం పరుగెత్తగలరు? పెద్దది పోయింది, చిన్నదీ పోతుంది. నేల మీద బోర్లా పడి భోరున ఏడ్చింది.

"ఏడవడానికి పొద్దు చాలదు, లే" అంది ఒక గొంతు.

తుమ్మచెట్టు కింద పోలమ్మ అంబలి ముంతతో కూర్చుని ఉంది.

"ఎంత దూరం అత్తా?" అంది అసిరి, మరో అబద్ధం వినడానికి ఓపిక లేక కళ్లు మూసుకుని.

"మూడు క్రోసులు."

అసిరి కళ్లు తెరిచింది. పోలమ్మ ఆగలేదు.

"ముందు ఒక ఎండిన వాగు. అక్కడికి ఒక క్రోసు. అందాకా మెల్లగా పరుగెత్తు. తర్వాత ఎర్రమట్టి మెరక. ఎక్కుతుంటే ప్రాణం పోతుంది, నడువు. పైకెక్కినా కోట కనబడదు, బెంగపడకు. దిగాక కనబడుతుంది. అప్పుడు పరుగెత్తు. చేరతావని నేను చెప్పను. చేరితే మాత్రం ఇలాగే చేరాలి."

"నీకెలా తెలుసత్తా?"

"మొన్న కోటదాకా నడిచి చూసి, ఇక్కడికి తిరిగొచ్చాను."

అసిరి అప్పుడు చూసింది. అత్త పాదాలకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. వాటి మీద నెత్తురు ఎండిపోయి ఉంది.

అంబలి తాగి అసిరి లేచింది. వాగు చెప్పినచోటే వచ్చింది. మెరక ఎక్కుతుంటే నిజంగానే ప్రాణం పోయింది. పైనుంచి చూస్తే కోట లేదు. అయినా అసిరి ఈసారి ఏడవలేదు. దిగింది. కోట కనబడింది. దాచుకున్న బలం తీసి పరుగెత్తింది.

కోట తలుపు ఒకటి అప్పటికే మూసేశారు. కావలివాడు రెండోదాని మీద చేయి వేశాడు. ఆ సందులోంచి అసిరి లోపలికి పడింది.

నెల తిరిగేసరికి మడులపాలేనికి కాలువ వచ్చింది. చంటిది తేరుకుంది. పోయిన పెద్దది రాలేదు. మొదటి కడవ ముంచుతూ అసిరి దాని పేరు పెట్టి ఏడ్చింది.

"నీకు ధైర్యంగా ఉంటుందని అలా చెప్పానే" అంది తల్లి, తనూ ఏడుస్తూ.

"తెలుసమ్మా. కానీ మీరు తగ్గించిన దూరం కూడా నేనే పరుగెత్తాల్సి వచ్చింది."

పోలమ్మ మాత్రం కాలువ నీళ్లు పుక్కిలించి, "కాస్త మట్టి వాసన" అంది.

ఆనాటి నుంచి మడులపాలెంలో బాటసారులెవరైనా దూరం అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పి, చేతికి నీళ్లముంత ఇస్తారు.

దూరం తగ్గించి చెప్పే తీపి మాట కంటే, ఆ దూరం ముందుగా నడిచి వచ్చి చెప్పే చేదు మాటే గమ్యం చేరుస్తుంది.