రావులమ్మ చుట్టిన చుక్కలు

అనగనగా ఒక ఊరుండేది అమ్మలూ. మన ఊరిలా నేల మీద కాదు, ఆకాశంలో. కాళ్ళాడించకుండా విను. ఆ ఊరి నిండా మబ్బే. ఆ మబ్బును దగ్గరికి తీసి, సున్నుండలు చుట్టినట్టు గట్టిగా చుడితే చుక్క వెలిగేది. ఆ పని రావులమ్మది.

రావులమ్మకి ఒకచోట కుదురుండదు, అచ్చం నీలాగే. ఊరి చివర చీకట్లో ఆవిడ చెల్లెలు కోటమ్మ ఇల్లు.

"నీ గుమ్మానికీ ఒక చుక్క పెడతానే" అని రావులమ్మ మాటిచ్చింది.

"నిదానంగా చెయ్యక్కా" అంది కోటమ్మ.

నిదానమా, ఆవిడకా? చెల్లెలిది అన్నిటికన్నా పెద్దది చెయ్యాలని ఆఖరికి ఉంచుకుంది. ముందు గుప్పెడు పెద్ద చుక్కలు చుట్టింది. పెద్ద చుక్కలు ఊరుకుంటాయా, భగ్గున మండి ఉఫ్ఫుమని ఊదాయి. ఆ గాలికి కాస్త మబ్బు ఊరి బయటికి పోయింది. ఆ తర్వాత బుట్టెడు చుట్టింది. ఇంకాస్త పోయింది. మబ్బు అయిపోతోందన్న కంగారులో గంపలకొద్దీ చుట్టేసింది. అవన్నీ కలిసి ఊదేసరికి మిగిలిందంతా ఎగిరిపోయింది. చిన్న ఊరు కదా, పట్టి ఆపే బలం దానికెక్కడిది?

చెల్లెలి చుక్కకి చూస్తే చేతికి మబ్బే అందలేదు. పైగా జోరుగా మండే చుక్కలు తొందరగా ఆరిపోతాయి. ఒక్కోటీ ఆరుతుంటే రావులమ్మ మబ్బు కోసం ఊరంతా తిరిగింది, మూలమూలలా తడిమింది. ఆవిడకి ఏడుపొచ్చింది.

అప్పుడు చెల్లెలి గుమ్మానికి వెళ్ళింది.

"నీకిచ్చిన మాట పోగొట్టుకున్నానే" అంది.

"ముందు కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో" అంది కోటమ్మ.

కూర్చోవడమే ఆవిడకి పెద్ద శిక్ష. మూడుసార్లు లేచింది. మూడుసార్లూ కోటమ్మ కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

చాలా కాలం గడిచింది. ఆ తర్వాత, వేడికి ఎగిరిన మబ్బులో కొంత చల్లారి, బరువెక్కి, మెల్లగా ఆ గుమ్మం ముందే దిగింది. మిగతాది ఇక రాలేదు. ఆరిన చుక్కల బూడిదను మోసుకుంటూ ఎటెటో పోయి, వేరే ఊళ్ళలో చుక్కలైంది. మన దోసెల పెనంలో ఇనుము ఆ బూడిదలోదే.

దిగిన కాస్త మబ్బునీ రావులమ్మ ఈసారి నెమ్మదిగా చుట్టింది. చిన్నది, ఎర్రటిది, ఊదనిది. గుమ్మానికి పెట్టింది.

ఆ వెలుగులో కోటమ్మ మొట్టమొదటిసారి అక్క మొహం చూసింది.

"ఎంత అలిసిపోయావక్కా" అంది.

రావులమ్మ చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఆ చిన్న చుక్క ఇంకా ఆరలేదు.

ఆవిడ కాళ్ళూ ఆగాయి, నీ కాళ్ళూ ఆగాయి.
కథ కంచి దారి పట్టింది,
కన్ను నిద్ర దారి పట్టింది.