సుంకమ్మ ముడి

అనగనగా ఒక ఊరు. ఏ ఊరని అడిగారంటే కథ ఇక్కడే ఆపేస్తా. రాళ్ళెక్కువ, వానలు తక్కువ, అంతవరకు తెలిస్తే చాలు. ఆ ఊళ్ళో జనానికి పొలాల్లేవు, మేకలున్నాయి. ఆ మేకలు మేసేదానికి ఊరి వెనక పెద్ద బీడుంది. బీడు లేకపోతే మేకల్లేవు, మేకల్లేకపోతే ఊరే లేదు.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కిత్తనార తీసి తాళ్ళు పేని అందరికీ ఇచ్చేది. వాళ్ళు పోసిన గంజి తాగి అరుగు మీద పడుకునేది. ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. అట్లాంటి మనిషి.

ఇప్పుడు ముడుల సంగతి వినండి. పొద్దున మేకల్ని వదిలేటప్పుడు మేకకో ముడి తాడుకి వేసి, ఆ తాడు దొడ్డి తడికెకి కట్టేవాళ్ళు. పొద్దుగూకి మేకలు తిరిగొస్తే, ఒక్కో మేక లోపలికి పోయేకొద్దీ ఒక్కో ముడి విప్పేవాళ్ళు. అయితే జీవాల్ని ఉన్నవి ఉన్నట్టు లెక్కేస్తే దిష్టి తగులుతుందని భయం. అందుకని ఒక ముడి ఎక్కువ వేసేవాళ్ళు. అది ఏ మేకదీ కాదు, ఎవరిదీ కాదు. మేకకో ముడి, దిష్టికో ముడి. ఇదీ ఆ ఊరి లెక్క.

ఇట్లా ఉండగా ఆ సీమని ఏలే దొరకి కొత్త పిచ్చి పట్టింది. వంకర కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి గుంతలో వెయ్యడం. ఇప్పుడు గోల్ఫ్ అంటున్నారే, అదే. వీళ్ళు దాన్ని గుంతలాట అన్నారు. దొర వచ్చి బీడంతా చూశాడు, తొమ్మిది గుంతలు తవ్వించాడు, చుట్టూ కంచె వేస్తానన్నాడు. మరి మా మేకలో అంటే, ఇంకెక్కడైనా మేపుకోండి అన్నాడు. ఇంకెక్కడుంది, వాడి తలకాయ.

ఊరంతా పోయి కాళ్ళమీద పడింది. దొర చెడ్డవాడు కాదులే, ఆటంటే పడిచచ్చేవాడు, అంతే. మీలో ఒకడు నాతో ఆడి గెలిస్తే బీడు మీకే వదిలేస్తా, ఓడితే కంచె వేస్తా అన్నాడు. తొమ్మిది గుంతలకీ కలిపి ఎవరివి తక్కువ దెబ్బలైతే వాళ్ళు గెలిచినట్టు. ఎవరి దెబ్బలు వాళ్ళ మనుషులే నిజాయితీగా లెక్కపెట్టుకోవాలి, ఈ ఆటకి అదే మర్యాద అని చెప్పాడు.

ఓబన్న అని ఒక కాపరి ఉండేవాడు. మేకని మళ్ళించాలంటే కర్రతో రాయిని కొట్టి సరిగ్గా దాని ముందర పడేసేవాడు. వాణ్ణి నిలబెట్టారు. దొర లెక్క రాయడానికి గుమాస్తా ఉన్నాడు. ఓబన్న లెక్క ఎవరు చూడాలి? పదిమంది దొడ్లకి ముడులేసిపెట్టే చెయ్యి, వేళ్ళు చురుగ్గా కదిలేది సుంకమ్మకే అని ఆమె చేతికి తాడిచ్చారు.

ఆట మొదలైంది. ఊరు ఊరంతా వెనకే నడిచింది. మేకల వెంట ఒక్క మనిషి లేడు, వాటి పాటికి అవి మేస్తున్నాయి. ఓబన్న కొట్టాడు, సుంకమ్మ ముడేసింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ముడేసింది. బంతి గుంతలో పడగానే ఆమెకి ఒక దొడ్డి లెక్క ముగిసినట్టే అనిపించింది. చెయ్యి దానంతటది ఇంకో ముడి వేసింది. దెబ్బకో ముడి, దిష్టికో ముడి. రెండో గుంతకీ అంతే. మూడో గుంతకీ అంతే. చివరి గుంతదాకా అంతే.

పొద్దు వాలింది. గుమాస్తా ముడులు లెక్కపెట్టి, ఓబన్నవి అయిదు దెబ్బలు ఎక్కువ, దొర గెలిచాడు అన్నాడు. ఓబన్న మొహం వాడిపోయింది. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. సుంకమ్మ తాడుకేసి చూసింది, తన చేతికేసి చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకి, తనేం చేసిందో.

దొర ముందుకి పోయి నిలబడింది. "సామీ, గుంతకో ముడి దెబ్బది కాదు. దిష్టిది. దొడ్డి దగ్గర మేకల లెక్కకి ఒకటి ఎక్కువ వేస్తాం, నా చెయ్యి ఆ అలవాటుగా వేసేసింది" అంది.

ఓడినాక ఎవరైనా అదే చెబుతారన్నాడు గుమాస్తా. దొర ఆ తాడు అందుకుని చూశాడు.

"మూడు దొడ్లు చూస్తా. మూడింటి దగ్గరా ఒక ముడి మిగిలితే నీ మాట నిజం. ఒక్కటి తప్పినా బీడు నాది" అన్నాడు.

మొదటి దొడ్డికి పోయారు. మేకలొస్తున్నాయి, గుమాస్తా ముడులు విప్పుతున్నాడు. ఆఖరి మేక లోపలికి పోయింది. ఒక ముడి మిగిలింది. రెండో దొడ్డికి పోయారు. ఆఖరి మేక పోయింది, ఒక ముడి మిగిలింది. మూడోది ఓబన్న దొడ్డి, పెద్ద మంద. దుమ్ము లేపుకుంటూ తోసుకుంటూ వచ్చాయి. ఆఖరి మేక పోయింది. తాడు చూస్తే నున్నగా ఉంది. ఒక్క ముడి లేదు.

సుంకమ్మ అక్కడే కూలబడింది. ఊరి నోట్లో మట్టి కొట్టానే అని తల బాదుకుంది.

అయితే దొర తడికె తీసి లోపలికి వంగాడు. ఒక నల్లమేక దేన్నో నాకుతోంది. దాని కాళ్ళ మధ్య ఒక పిల్ల, ఒళ్ళింకా తడిగా ఉంది, తల్లి వెంట తడబడుతూ నడిచొచ్చి ఇంకా ఊగుతోంది. గుమాస్తా ఆ గుంపులో దానికీ ఒక ముడి విప్పేశాడు.

దొర పిల్లని రెండు చేతుల్తో ఎత్తి బయటికి తెచ్చాడు. "పొద్దున తాడు కట్టేటప్పటికి ఇది పుట్టనే లేదు. దీన్ని తీసేస్తే ఒక ముడి మిగలాలి. ఆటలో ఆ తొమ్మిది ముడులూ తీసెయ్యండి. ఓబన్న నామీద నాలుగు దెబ్బల తేడాతో గెలిచాడు" అన్నాడు.

హమ్మయ్య. ఆ మాటకి ఊరు ఊరంతా ఒకేసారి ఊపిరి పీల్చుకుంది. ఓబన్న సుంకమ్మని లేవదీసి నిలబెట్టాడు. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీదు. కంచె రాలేదు. దొర ఆట మానలేదు, మేకలు మేత మానలేదు. మేకలు గడ్డి పొట్టిగా కొరికి పెడుతున్నాయి, బంతి బాగా దొర్లుతోందని దొర మురిసిపోయాడు కూడా.

ఏళ్ళు గడిచాయి. సుంకమ్మ పోయింది. మట్టి చేసి వచ్చేసరికి మేకలు ఇంటికొచ్చే వేళయింది. ఏడ్చినా మేకల్ని కట్టెయ్యాలి కదా. ఓబన్న ముడులు విప్పుతూ పోయాడు, ఆఖరి మేక లోపలికి పోయింది. మిగిలిన ముడిని విప్పకుండా చేతిలో పట్టుకున్నాడు.

"ఇది సుంకమ్మది" అన్నాడు.

అప్పట్నించి ఎవరిదీ కాని ఆ ముడి ఆమెదైంది. బీడులో గుంతలాట ఆడేవాళ్ళు ఇవాళ్టికీ గుంతకో దెబ్బ సుంకమ్మ పేరు చెప్పి లెక్కలోంచి వదిలేస్తారు. పెళ్ళికి వంట చేసేటప్పుడు, ఎంతమందికి వండాలని లెక్క చెబితే, వంటమనిషి ముందు ఒక మాట అడుగుతాడు, సుంకమ్మతోనా, సుంకమ్మ కాకుండానా అని. సుంకమ్మతోనే అంటారు. గంజి పోస్తే తాగి అరుగు మీద పడుకున్న ముసలామెకి ఆ ఊళ్ళో ప్రతి బంతిలోనూ ఒక విస్తరి వేస్తారు.