గట్టన్న చేతులు

గుగ్గిలం కోన అనే అడవిలో ఒకప్పుడు కొండముచ్చులు మేకలను కాసేవి. నవ్వకండి, నిజంగానే కాసేవి. కుందేళ్ళు, దుప్పులు, ఉడతలు, ఎలుగులు అన్నీ కలిసి బతికిన ఆ కోనలో తల్లిలేని పిల్ల ఏదైనా సరే మేకపాలు తాగే పెరిగేది. అందుకే మేకల మంద అంటే అడవి అంతటికీ ప్రాణం.

ముసలిదైపోయాక కూడా పోలి అనే కొండముచ్చుకు ఆ రోజులే గుర్తుకొచ్చేవి. మంచుకు తడిసిన గడ్డి, దొప్పల్లో నురగలు కక్కే పాలు, ఒళ్ళో ముడుచుకుని పడుకున్న మేకపిల్లల వెచ్చదనం. ఎంత బాగుండేదో ఆ కాలం! ఆ తలపుల్లో అన్నిటికంటే ముందు కనిపించేది ఆమె అన్న గట్టన్న.

మంద కాయడంలో గట్టన్నను మించినవాడు లేడు. మేక కడుపులో పిల్ల అడ్డం తిరిగితే తన పొడవాటి సన్నని వేళ్ళతో మెల్లగా సరిచేసి బయటికి తీసేవాడు. పుట్టిన పిల్ల ముక్కులో జిగురు అడ్డుపడితే నోరు పెట్టి పీల్చి ఉమ్మేసి, ఊపిరి ఊదేవాడు. కొండముచ్చుల ఆచారమే అది. "కాపరికీ మేకకీ నడుమ గాలి కూడా దూరకూడదు" అనేవాడు. పోలి ఈ పనంతా అతని పక్కన కూర్చుని, అతను మేకలకు పాడే పాటలు వింటూనే నేర్చుకుంది.

ఒక చలికాలం మందలో మూతిపుండ్ల జబ్బు పుట్టింది. మేకపిల్లల పెదవుల మీద పొక్కులు లేచి పక్కులు కట్టాయి. నొప్పికి పాలు కుడవలేక అవి రోజంతా అరిచేవి. కాపరులు వాటిని ఒళ్ళో వేసుకుని, పుండ్లు తుడిచి, పాలలో ముంచిన వేళ్ళు నోటికి అందించారు.

కొన్నాళ్ళకు కాపరుల వేళ్ళ మీదా అవే పొక్కులు లేచాయి. ముళ్ళు గీరుకున్న చేతులకే అవి ముందుగా వస్తున్నాయని పోలి కనిపెట్టింది.

"అన్నా, కంటికి కనబడనిదేదో పిల్లల పుండ్లలోంచి మన గాయాల్లోకి దిగుతోంది" అంది. "జబ్బు పిల్లల్ని వేరే దొడ్డిలో ఉంచుదాం. చేతులకి మోదుగాకులు చుట్టుకుని ముట్టుకుందాం. పనయ్యాక కుంకుడు నురగతో కడుక్కుందాం. నోరు పెట్టడం మాత్రం మానేద్దాం."

గట్టన్న పకపకా నవ్వాడు. "మేక జబ్బు మేకకే, మనకెందుకొస్తుందే? ఆ పొక్కులు ముళ్ళు గీరుకున్నందుకే. మన తాతలు ఆకులు కట్టుకున్నారా?"

"తాతల కాలంలో ఈ జబ్బు లేదు కదన్నా."

"ఆకు చేత్తో ముట్టుకుంటే మేకకి మనం పరాయివాళ్ళమైపోమూ? కన్నబిడ్డని చూసి అసహ్యించుకున్నట్టు ఉంటుంది."

ఆ మాట పోలికి గుచ్చుకుంది. మేకల మీద ప్రేమ ఆమెకేం తక్కువ? అయినా బతిమాలింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఇప్పుడే కట్టుకో అన్నా."

"నా చేతులకేం కాదులే" అని గట్టన్న లేని మీసం మెలేశాడు.

విన్నవాళ్ళు విన్నారు, విననివాళ్ళు గట్టన్న వెంట నడిచారు. మొదట్లో పోలికి తిప్పలు తప్పలేదు. నారతో కట్టిన ఆకుల్ని మేకపిల్లలు కరకరా నమిలేసేవి. "నీ తొడుగు వాటికి మేతయిందే!" అని గట్టన్న కడుపుబ్బ నవ్వేవాడు. పోలి కూడా నవ్వేసి, చేతులు కడుక్కుని, కొత్త ఆకులు కట్టుకునేది.

ఇంతలో గట్టన్న చేతికి రేగుముల్లు గీరుకుంది. ఆ చేతులతోనే అతను జబ్బు పిల్లల్ని సాకాడు. పొక్కులు లేచాయి. ఎవరికీ కనబడకుండా చేతుల్ని చంకల్లో దాచుకున్నాడు. చివరికి వేళ్ళు దొండకాయల్లా వాచి, కొమ్మ పట్టుకోవడం కూడా చేతకాక, చెట్టు కింద బండ మీద కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే నల్లచెవి అనే మేకకు నొప్పులొచ్చాయి. కడుపులో రెండు పిల్లలు. మొదటిది అడ్డం తిరిగింది. "గట్టన్నను పిలవండి, గట్టన్నను పిలవండి" అని నల్లచెవి అరిచింది.

గట్టన్న చేతులు నేలకు ఆనించలేక కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. చేతులు చాచాడు. వేళ్ళు వంగలేదు.

పోలి అడ్డం నిలబడింది. "వద్దన్నా. ఆ పుండ్లతో ముట్టుకుంటే పుట్టే పిల్లకీ అంటుతుంది."

గట్టన్న వెనక్కి తగ్గాడు. పోలి చేతులు కడుక్కుని, లేత ఆకులు చుట్టుకుని పనిలో దిగింది. కానీ ఆమె వేళ్ళు పొట్టివి. ఎంత కష్టపడినా పిల్ల తొందరగా తిరగలేదు. బయటికి వచ్చేసరికి దానిలో ఊపిరి లేదు. రెండోది సులువుగానే వచ్చింది. పోలి దాని ముక్కులో గడ్డిపోచ పెట్టి కదిలించింది. అది తుమ్మి, జిగురంతా చిమ్మేసి, 'మే' అంది.

పోలి ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పొడవాటి వేళ్ళు బాగుంటే మొదటి పిల్ల బతికేదని ఆమెకు తెలుసు. గట్టన్నకూ తెలుసు.

ఆకులు కట్టుకున్న కాపరుల చేతులు చక్కగా ఉన్నాయి. వేరే దొడ్డిలో ఉంచిన పిల్లలకు మెల్లమెల్లగా పుండ్లు మానాయి. మంద బాధ్యత అందరూ పోలికే అప్పగించారు. ఎండలు ముదిరేసరికి గట్టన్న వేళ్ళూ మామూలయ్యాయి. కానీ అతను దొడ్డి వైపు రావడానికి జంకేవాడు. అతని పాటలు లేక దొడ్డి చిన్నబోయిందని పోలికి దిగులుగా ఉండేది.

ఒక సాయంత్రం గట్టన్న నల్లచెవి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. పోలి ఆకు చెయ్యి నీకు పరాయిగా అనిపించలేదూ?"

నల్లచెవి నెమరు వేయడం ఆపింది.

"నొప్పుల్లో నాకు ఆకులు కనబడలేదు గట్టన్నా. నీ చేతుల కోసమే చూశాను. అవి నాకు అందలేదు."

గట్టన్న తల వంచుకున్నాడు. లేచి, పోలి దగ్గరికి వెళ్ళి, తన రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

"ఎలా కట్టుకోవాలో చూపించు చెల్లీ" అన్నాడు.

నీతి: సాకే జీవాల మీద ప్రేమ ఉన్నవాడు తన చేతుల్ని ముందు కాపాడుకోవాలి, ఆ జీవాలకు ఆపద వచ్చిన రోజున ఆ చేతులే కావాలి.