అటక మీది మోకు

ముత్తిలింగం గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కాదు. మీ ఇంట్లో ఓ పూట భోజనం చేసినాక చూద్దాం అనేవారు. అచలబోధ అనే వేదాంతం చెప్పే ఇంత పెద్దాయనకి అన్నం మీద ఈ ధ్యాస ఏమిటని కొత్తవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. పాత శిష్యులైతే, గురువుగారి జవాబులన్నీ కడుపులోనే ఉంటాయి, పప్పన్నం పడితే గాని పైకి రావు అని పరాచికాలాడేవారు. ఆయనా విని నవ్వేవారే గాని అలవాటు మాత్రం మానలేదు. ప్రశ్న నోట్లోంచి వస్తుంది, సరే. పుట్టేది ఇంట్లో కదా. పుట్టినచోటు చూడకుండా మందెలా ఇస్తారు, మీరే చెప్పండి.

రేకులపల్లిలో తాటిచెట్లు గీసి కల్లు తీసే లచ్చయ్య ఒకనాడు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

"గురువుగారూ, నా తమ్ముడికి కన్నతల్లి చెయ్యని చాకిరి నేను చేస్తున్న. వాడు నా మొకం చూసి మాట్లాడడు. నా సేవల లోపమెక్కడున్నది?"

నిజం చెప్పాలంటే, లోపం ఉందని లచ్చయ్య నమ్మలేదు. లోపమేం లేదు లచ్చయ్యా, నువ్వు మనిషివి కావు దేవుడివి అని గురువుగారి నోట వినాలని వచ్చాడు. మనం పెద్దవాళ్ళని అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటివే. గురువుగారు మాత్రం, సోమవారం మీ ఇంటికి వస్తా, పప్పు చేయించు అని పంపేశారు.

లచ్చయ్య తమ్ముడి పేరు అయిలయ్య. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచీ తాటిచెట్లు ఎక్కినవాళ్ళే. మోకు అంటారు, చెట్టునీ నడుమునీ కలిపి చుట్టుకునే తాడు. దాని మీద భారం వేసి, రెండు చేతులూ వదిలేసి, ఆకాశంలో కూర్చున్నట్టు కూర్చుని కల్లు గీస్తాడు మనిషి. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మోకు వాళ్ళే కట్టుకోవాలి. తండ్రి మోకు కొడుకు ముట్టడు, అన్న వేసిన ముడి మీద తమ్ముడు ఎక్కడు. వేలాడే ప్రాణం ఎవరిదో, ముడి వేసే చెయ్యీ వాళ్ళదే కావాలన్నమాట.

ఒక ముసురు రోజున చెట్టు తల మీది కమ్మల మీదికి దాటడానికి అయిలయ్య మోకు విప్పాడు. ఆ రెప్పపాటులో తడిమట్ట మీద కాలు జారింది. ప్రాణం దక్కింది గాని వెన్నుపూస విరిగింది. నడుము కింది నుంచి దేహం తనది కాకుండా పోయింది. పెళ్ళిచూపులై తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం ఒకటి ఉండేది, అదీ చప్పుడు లేకుండా చేజారింది.

పట్నం ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ లచ్చయ్యని పక్కకి పిలిచి చెప్పింది. కాళ్ళు తిరిగి రావు, ఆ ఆశ పెట్టుకోకండి, కానీ చేతులు నిక్షేపంలా ఉన్నాయి. ఇలాంటివాళ్ళకి మళ్ళీ బతకడం నేర్పే చోటు ఒకటుంది, కొన్ని నెలలు అక్కడ ఉంచండి. మంచం మీంచి కుర్చీలోకి తనే మారడం, పుండ్లు పడకుండా తన ఒళ్ళు తనే కదుపుకోవడం, మూత్రం గొట్టం తనే పెట్టుకోవడం, ఆఖరికి వంట చేసుకోవడం కూడా నేర్పుతారు అంది. అయిలయ్య ఆ మాట విన్నాడు. మంచం మీంచి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆడికి పోదాం. నేర్చుకుంట."

లచ్చయ్యకి గుండె చెరువైంది. నా తమ్ముణ్ణి పరాయి చేతుల్లో పడేసి నేను ఇంట్లో అన్నమెట్ల తింట, ఊరు నా మొకాన ఉమ్మెయ్యదా అని బిగ్గరగా ఏడ్చాడు. వార్డు వార్డంతా కళ్ళు తుడుచుకుంది. అంత ఏడుపు చూశాక అయిలయ్య ఏమంటాడు? ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి లచ్చయ్య సేవ చూడాలి. పొద్దున్నే తమ్ముణ్ణి పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టేవాడు. స్నానం తనే, బట్టలు తనే. మొదటి నెలల్లో వెల్లకిలా పడుకున్నప్పుడు ముద్దలు కలిపి నోట్లో పెట్టాడు కదా, కూర్చోవడం మొదలయ్యాక కూడా ఆ ముద్ద మానలేదు. లచ్చయ్య భార్య బుచ్చమ్మ ఒకసారి, మా మరిది చేతులకేమైందని ఇంకా తినిపిస్తవు అని నోరు జారింది. ఆ పూట లచ్చయ్య అన్నం ముట్టలేదు. బుచ్చమ్మ మళ్ళీ జోలికి పోలేదు.

సర్కారువాళ్ళు చక్రాల కుర్చీ ఇచ్చారు. నా రెక్కలుండంగ నీకు ఇనుప కుర్చీ ఎందుకురా అని, దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా అటకెక్కించాడు. అయిలయ్య మోకు అంతకు ముందే అటకెక్కింది. దాని కథ వేరు. ఒక రోజు అయిలయ్య, నా మోకు తెచ్చియ్యే అన్నా అని అడిగాడు. లచ్చయ్య తలెత్తి చూశాడు. తమ్ముడి చూపు పైన దూలం మీద ఉంది. ఇంకేముంది, ఉరి పోసుకోవాలని చూస్తున్నాడనుకున్నాడు. మోకు కనబడకుండా దాచేసి, కొన్నాళ్ళు రాత్రింబగళ్ళు తమ్ముడి మంచం పక్కనే కాపలా పడుకున్నాడు. ఎందుకడిగావురా అని మాత్రం అడగలేదు. అడిగితే ఆ మాట ఎక్కడ నిజమవుతుందోనని భయం.

ఊరు ఊరంతా, అన్నంటే లచ్చన్నలెక్క ఉండాలె అనేది. బడిలో ఏదో సభ పెట్టి శాలువా కప్పారు. లచ్చయ్య తమ్ముణ్ణి ఎత్తుకునే వేదిక ఎక్కాడు. కప్పిన శాలువా జారి అయిలయ్య మొహం మీద పడింది. చప్పట్లు మోగుతున్నాయి, లచ్చయ్య దండం పెట్టే హడావిడిలో చూసుకోలేదు. ఎవరో పిల్లలు నవ్వితే గాని తెలియలేదు. ఏళ్ళు అలా గడిచిపోయాయి.

సోమవారం గురువుగారు వచ్చారు. లచ్చయ్య తమ్ముణ్ణి ఎత్తుకొచ్చి గోడవారగా దిండ్లు పెట్టి కూర్చోబెట్టాడు. విస్తళ్ళు వేశారు. గురువుగారు చూస్తుండగా, చూడాలనే కావచ్చు, లచ్చయ్య ముద్ద కలిపి తమ్ముడి నోటికి అందించాడు. అయిలయ్య గోడకేసి చూస్తూ నమిలాడు. చేతులు రెండూ ఒళ్ళో పడి ఉన్నాయి, పని మానేసి మూల పెట్టిన పనిముట్లలా. గురువుగారు పప్పు బాగుందన్నారు, ఇంకొంచెం వేయించుకున్నారు. వేరే మాట లేదు.

చెయ్యి కడుక్కున్నాక ఆయన తన మరచెంబు తీశారు. దాని తాడు ఊడిపోయి ఉంది. ఇంట్లో ఇంతమంది ఉండగా తిన్నగా వెళ్ళి ఆ చెంబూ తాడూ అయిలయ్య ఒళ్ళో పెట్టారు. ఈ ముడి నాకు కుదరటం లేదు బిడ్డా, కాస్త చూడు అన్నారు. లచ్చయ్య, వానికెందుకు, నేను కడత అని చెయ్యి చాపాడు. గురువుగారు ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నారు. పట్టుకుని, వదలకుండా, వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

అయిలయ్య చాలాసేపు చెంబు వంక చూశాడు. అన్నం పెట్టేవాళ్ళే గాని ఆ ఇంట్లో అతణ్ణి ఏదైనా అడిగినవాళ్ళు లేరు. తాడు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు తడబడ్డాయి, కొస జారిపోయింది, మళ్ళీ తీసుకున్నాడు. చూస్తున్న లచ్చయ్యకి ప్రాణం ఉగ్గబట్టినట్టుంది. తను ముడేస్తే చిటికెలో అయిపోయేది. ఉన్నట్టుండి తమ్ముడి వేళ్ళు దారి పట్టాయి. తాడు మెలి తిరిగి, లోపలి నుంచి వచ్చి, బిగిసింది. అది మోకు ముడి. అయిలయ్య దాన్ని ఒకసారి గుంజి చూసుకుని, తల ఎత్తి, ఎన్నేళ్ళకో అన్న మొహంలోకి సూటిగా చూశాడు.

"నా మోకేదే అన్నా?"

గురువుగారు మణికట్టు వదిలారు. లచ్చయ్య నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. ముందు కుర్చీ చేతికి తగిలింది. కవరు కవరుగానే ఉంది, లోపల రబ్బరు పెళ్ళలుగా రాలుతోంది. దాని వెనక మోకు. ఒక కొస ఎలుకలు కొట్టేశాయి. రెండూ కిందికి దించి తమ్ముడి ముందు పెట్టి, దొంగతనం బయటపడ్డవాడిలా నిలబడ్డాడు. అప్పుడడిగాడు, ఏళ్ళ కిందట అడగాల్సింది. ఎందుకడిగినవురా ఆనాడు అని.

"దూలానికేసుకొని, పట్టుకొని లేచి కూసుందామని" అన్నాడు అయిలయ్య. "ఎప్పుడూ నువ్వు లేపితేనే లేచుడైతుండె. ఇంకేంటికనుకున్నవే?"

లచ్చయ్య మోకు తీసుకుని దూలం మీదుగా విసిరాడు. ఎలుకలు కొట్టని మేర కొస పట్టుకుని ముడి వేయబోయాడు, అలవాటైన చెయ్యి కదా. సగంలో ఆగిపోయింది. తాతల నాటి కట్టుబాటు ఆ నిమిషాన గుర్తొచ్చింది. అన్న వేసిన ముడి మీద తమ్ముడు ఎక్కడు. ఇన్నేళ్ళు తను చేసిందేమిటో ఆ తాడు చేతిలో ఉండగానే అతనికి తెలిసింది. కొస తమ్ముడి చేతికిచ్చి వెనక్కి జరిగి, చేతులు వీపు వెనక కట్టుకున్నాడు.

అయిలయ్య ముడి వేసుకుని పట్టుకుని లాగాడు. జానెడు లేచి దిండ్ల మీద కూలబడ్డాడు. భుజాలు వణికాయి. ఒకప్పుడు ఆకాశమంత చెట్టు ఎక్కిన భుజాలవి. ఆ రోజు జానెడు దాటి లేవలేకపోయాయి. మళ్ళీ లాగాడు, మళ్ళీ పడ్డాడు. బుచ్చమ్మ తట్టుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. గురువుగారు అయిలయ్య తాడు కట్టిన చెంబు భుజాన వేసుకుని, పప్పు బాగుంది లచ్చయ్యా అని చెప్పి వెళ్ళిపోయారు. అడిగిన ప్రశ్నకి జవాబేదని లచ్చయ్య అడగలేదు.

ఆ నెలలోనే తమ్ముణ్ణి పట్నంలో ఆ నేర్పే చోటుకి తీసుకెళ్ళాడు. అక్కడ కసరత్తు చేయించే అమ్మాయి అయిలయ్య మోకాళ్ళు వంచి చూసింది, చాపి చూసింది, అవి సగం దాకానే సాగాయి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ అని అడిగింది. తిట్టలేదు, మామూలుగానే అడిగింది. కీళ్ళు బిగుసుకుపోయాయట. అప్పుడే వచ్చుంటే కాళ్ళకి ఇనుప పట్టీలు కట్టి కాసేపైనా నిలబెట్టేవాళ్ళమని, ఇక అది కుదరదని చెప్పింది. మిగతావన్నీ నేర్పుతాం అంది. నేర్పారు కూడా. కొత్త కుర్చీలో, అయిలయ్య తన చక్రాలు తనే తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. లచ్చయ్య వెనకాల సంచి మోసుకుంటూ నడిచాడు. నిలబడిన తమ్ముడు ఎలా ఉండేవాడో దారి పొడుగునా ఊహించుకుంటూనే ఉన్నాడు. తాటితోపులో చెట్టుకి చెయ్యానించి నిలబడి, పైన గీసేవాళ్ళతో ఎకసెక్కాలాడుతూ. ఆ ఊహ అతణ్ణి ఇక ఎప్పుడూ వదల్లేదు.

తర్వాత అయిలయ్య ముందుగది తనకి కావాలన్నాడు. వేరే పొయ్యి కావాలన్నాడు. లచ్చయ్య రంపం తెచ్చి, అమ్మ పసుపు రాసిన గడపని కుర్చీ దాటేలా తన చేతులతో కోశాడు. ఊరు ఊరుకుంటుందా? కుంటి తమ్ముణ్ణి వేరు పెట్టిండు, గడప కోసిన ఇంట్ల లచ్చిమి ఉంటదా అంది. శాలువా కప్పినవాళ్ళే ముందుగా అన్నారు. లచ్చయ్య తల వంచుకుని విన్నాడు.

కొన్నాళ్ళకి ముత్తిలింగం గురువుగారు మళ్ళీ ఆ ఇంటికి భోజనానికి వచ్చారు. ఈసారి పిలిచింది అయిలయ్య. కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ తనే వండాడు, తనే వడ్డించాడు. వడ్డిస్తుంటే పప్పుచారు కొంచెం చాప మీద ఒలికింది. లచ్చయ్య చెయ్యి గుడ్డ కోసం లేచి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. అయిలయ్య నీళ్ళ కోసం వెనక్కి తిరిగినప్పుడు, గురువుగారికి మాత్రమే వినబడేలా లచ్చయ్య అడిగాడు.

"పోయిన ఏండ్లు ఎట్ల తిరిగిస్తనయ్యా వానికి?"

గురువుగారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పప్పులో ఉప్పు కషాయం. లచ్చయ్యకీ ఆ పాటికే తెలిసింది. సిగ్గుపడిపోయి, తమ్ముడికింకా చెయ్యి కుదర్లేదు, ఈ విస్తరి తీసేసి లోపల బుచ్చమ్మ వండింది పెడతానని గొణిగాడు. గురువుగారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇన్నేండ్లూ ఈ ఇంట్లో తప్పులు చేసే భాగ్యం నీకొక్కడికే దక్కింది లచ్చయ్యా" అన్నారు. "ఆ పప్పు ఇటు జరుపు."